చీటీ లేని పక్షికి ఊరు లేదు

ప్రకృతి శాస్త్ర మ్యూజియం అనగానే జనానికి అద్దాల వెనక నిలబెట్టిన గడ్డి కూరిన పులి గుర్తొస్తుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పులి ఉన్న హాల్లోకి నేను వెళ్ళింది తక్కువ. మా పనంతా వెనక గదుల్లో. నాఫ్తలీన్ వాసన కొట్టే సొరుగులు, ఆల్కహాలు సీసాలు, ఎండిన కొమ్మల కట్టలు, ఏడాదికి కొన్నాళ్ళు అడవి. రిటైరయ్యాక సొంతూరు భద్రాచలం వచ్చేశాను. చింతూరు వైపో, కిన్నెరసాని వైపో, పాపికొండల వైపో వెళ్ళే పరిశోధక విద్యార్థులు దారిలో మా ఇంటి దగ్గర ఆగుతుంటారు. కాఫీ తాగి, లేచేముందు "ఏవైనా జాగ్రత్తలు చెప్పండి సార్" అంటారు. చెప్పేవి ఎప్పుడూ అవే కాబట్టి ఈసారి కాగితం మీద పెడుతున్నాను. అంకెలు వేశానే గాని, ముందున్నది గొప్పదనీ వెనకున్నది తక్కువదనీ కాదు.

1. లేబుల్ కట్టాకే రెండోది పట్టుకోండి

పక్షి కాలికైనా, కప్ప సీసాకైనా, కొమ్మల కట్టకైనా లేబుల్ అక్కడే రాయాలి, ఆ చెట్టు కిందే. క్యాంపుకెళ్ళి తీరిగ్గా రాద్దామనుకుంటే పొద్దు గూకేసరికి పొద్దున చూసిన వాగూ మధ్యాహ్నం చూసిన వాగూ కలిసిపోతాయి. తేదీ, చోటు, ఎత్తు, నేల తీరు, తెచ్చినవారి పేరు ఎలాగూ రాస్తారు. వీటితోపాటు రంగులు రాయండి. పక్షి కంటి రంగు, కాలి రంగు, ముక్కు మొదట్లో ఉండే చర్మం రంగు ప్రాణం పోయిన కాసేపటికే మారడం మొదలుపెడతాయి. ఈకలు నూరేళ్ళయినా చాలావరకు అలాగే ఉంటాయి. కన్ను మాత్రం ఉండదు, దాని స్థానంలో దూది ఉంటుంది. కాబట్టి కన్ను ఏ రంగో చెప్పగలిగింది మీ చీటీ ఒక్కటే.

పెన్సిల్ వాడండి. బాల్ పెన్నులు బడిపిల్లలకు వదిలేయండి. నేను చూసిన ఒక సేకరణలో, పేరు అనవసరం, ఒక అర నిండా నది చేపల సీసాలుండేవి. ఎవరో శ్రద్ధగానే పట్టారు, ఫార్మలిన్‌లో గట్టిపరిచి ఆల్కహాలులోకి మార్చారు. చేపల పొలుసు కూడా చెదరలేదు. లోపల వేసిన కాగితాల మీద సిరా మాత్రం ఆల్కహాలులో కరిగిపోయింది. ఏది శబరిదో, ఏది తాలిపేరుదో, ఏది గోదావరి మధ్యలో వల వేసి తీసిందో చెప్పేవారు లేరు. ఊరూ పేరూ లేని ఉత్తరం చేతికొచ్చినట్టే, చింపలేం, ఎవరికీ ఇవ్వలేం. ఆ సీసాలను చివరికి విద్యార్థులకు కోత నేర్పడానికి వాడుకున్నారు.

2. జిల్లా పేరును నమ్ముకోకండి

ఇది మా ఊరి వాళ్ళకు పుట్టుకతో తెలిసిన సంగతి. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ ప్రాంతం నిజాం చేతి నుంచి 1860 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళకు వెళ్ళింది. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా. అప్పటి జిల్లా కేంద్రం సిరొంచ. 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాకు మార్చారు. తర్వాత అది తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో ఊరు తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. అవతలి కూనవరం, చింతూరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఇల్లు కదలకుండానే మా వంశంలో తరానికొక జిల్లా అయింది!

లండన్‌లోనో, కోల్‌కతాలోనో, కోయంబత్తూరు హెర్బేరియంలోనో ఒక పాత షీటు మీద "గోదావరి జిల్లా" అని మాత్రమే ఉంటే, అది కోనసీమ కొబ్బరితోట కావచ్చు, రంప కొండ కావచ్చు, మా పర్ణశాల దారి కావచ్చు. అందుకే అక్షాంశ రేఖాంశాలు రాయండి, ఫోన్లో దొరుకుతాయి. వాటితోపాటు వాగు పేరు, గుట్ట పేరు, దగ్గరి గూడెం పేరు కూడా రాయండి. ఫోన్ చూపే అంకెల్లో ఒకటి తప్పు పడితే నమూనా బంగాళాఖాతంలో తేలుతుంది. వాగు పేరుంటే దాన్ని ఒడ్డుకు లాగొచ్చు.

3. దొరికిన చోటు వేరు, బతికే చోటు వేరు

నీలి రంగులో మెరిసే సాలీడు ఒకటుంది, పొయెసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే ఆయన దానికి ఆ పేరు పెట్టాడు. నమూనా దొరికింది మన గుత్తిలో, రైల్వే కలప యార్డులో. గుత్తి చుట్టూ ఎంత వెతికితే ఏం లాభం? అది దుంగలతో పాటు రైలెక్కి వచ్చిన జీవి. నూరేళ్ళ తర్వాత గాని అసలు ఇల్లు తెలియలేదు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో ఉంది.

భద్రాచలంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆగస్టులో గోదావరి పొంగితే పై నుంచి, శబరి మీదుగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల నుంచి మానులకు మానులే కొట్టుకొస్తాయి. వాటి బెరడు కింద తేళ్ళు, జెర్రులు, నత్తలు. అలాంటిది దొరికితే "భద్రాచలం" అని రాసి ఊరుకోకండి, "వరదకు కొట్టుకొచ్చిన దుంగలో" అని కూడా రాయండి. సంతలో కొన్నదైతే సంతలో కొన్నామనే రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

4. అబద్ధపు లేబుల్ పులికన్నా ప్రమాదం

రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అని ఒక బ్రిటిష్ సైనికాధికారి ఉండేవాడు. పక్షి శాస్త్రంలో పెద్ద పేరు. ఆయన చేసిన పనేమిటంటే, లండన్ మ్యూజియంలో ఉన్న వేరేవాళ్ళ నమూనాలు దొంగిలించి, కొత్తగా దూది కూరి, సొంత లేబుళ్ళు కట్టడం. మధ్య భారతంలో ఉండే అడవి పైడికంటె అనే గుడ్లగూబ ఇలా బలైంది. 1880లలో ఇంకొకాయన సేకరించిన పక్షిని తీసుకుని "1914, గుజరాత్‌లోని మాండ్వి" అని రాశాడు. ఆ పక్షి కోసం వెళ్ళినవాళ్ళు ఆ లేబుల్ పట్టుకుని తప్పు దారిలో తిరిగారు. అమెరికా శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ నమూనాల లోపలి కుట్టు, దూది, ఎముకలు కత్తిరించిన తీరు పరీక్షించి దొంగతనం పట్టుకుంది. అబద్ధపు చీటీని పక్కన పెట్టి, నిజమైన పాత చీటీల మీదున్న చోట్లు మాత్రమే పట్టుకుని వెతికింది. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ పట్టపగలే చెట్టు మీద కూర్చుని కనిపించింది. దాన్ని చివరిసారి నిజంగా చూసి నూట పదేళ్ళు దాటిపోయింది అప్పటికి.

థీసిస్ గడువు ముంచుకొచ్చి "ఈ ఒక్కటీ అక్కడే పట్టాననుకుందాం" అని చెయ్యి లాగినప్పుడు ఈ కథ గుర్తు చేసుకోండి. మీ తప్పు సరిదిద్దడానికి పట్టే కాలం మీ ఉద్యోగ కాలం కన్నా ఎక్కువ.

5. సొరుగులో ఉన్నది మాట్లాడుతుంది, టైం పడుతుంది అంతే

భద్రాచలం పేరు పక్షి శాస్త్ర గ్రంథాల్లో ఎందుకు వస్తుందో మా ఊళ్ళో చాలామందికి తెలియదు. రాముడి వల్ల కాదు, కలివికోడి వల్ల.

థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడి ద్వారా 1848లో ఈ పక్షి లోకానికి తెలిసింది. ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. కంజు పిట్టకన్నా పొడవు కాళ్ళు, మెడ కింద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు. పెన్నా లోయలో కడప, అనంతపురం వైపు దొరికింది. తర్వాత గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూసినవాడు విలియం బ్లాన్‌ఫర్డ్. ఆయన జియలాజికల్ సర్వే మనిషి, పనేమో రాళ్ళు చూడడం. చేతిలో సుత్తితో తిరుగుతూ పక్షిని కూడా పట్టించుకున్నాడు. పట్టించుకోవడమే కాదు, అది ఎలాంటి చోట ఉంటుందో కూడా రాశాడు: పలచటి అడవిలో, ఎత్తు పొదల్లో ఉంటుందని, బయలు నేలలో తాను ఎన్నడూ చూడలేదని. ఆ వాక్యం విలువ వందేళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు.

1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించి, ఆ తర్వాత మాయమైంది. సలీం అలీ అంతటివాడు వెతికించాడు. దొరకలేదు. అదే కుటుంబంలోని కొన్ని పక్షులు పగలు బయలు నేలల్లో పరుగులు తీస్తాయి కాబట్టి దీన్ని కూడా చాలామంది పగలే వెతికారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పనిచేస్తున్న భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపిస్తూ తిరుగుతుంటే, ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. రాత్రి తిరిగే పక్షి! ఉండే చోటు? బ్లాన్‌ఫర్డ్ రాసిన పలచటి పొదల అడవే. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది.

ఇంకో ముక్క వినండి. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ ఒక గుడ్డు సేకరించాడు. అది చేతులు మారి స్కాట్లండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియం చేరింది. అక్కడ ఎన్నో గుడ్ల మధ్య పడి ఉంది. 2013లో అక్కడి పూర్వ క్యూరేటర్ అలన్ నాక్స్ దృష్టి దాని మీద పడింది. ఇంగ్లండులోని ట్రింగ్‌లో దాచిన పాత కలివికోడి నమూనా కాలి వేలి అడుగు చర్మం నుంచి పిసరంత తీసి, గుడ్డు పెంకులోని డీఎన్‌ఏతో పోల్చారు. సరిపోయింది. మనకు తెలిసి కలివికోడి గుడ్డు అదొక్కటే. గుడ్డు సేకరించిన మీటనుకు గాని, ట్రింగ్ పక్షికి దూది కూరిన మనిషికి గాని డీఎన్‌ఏ అనే మాటే తెలియదు. వాళ్ళు చేసిందల్లా పారెయ్యకుండా దాచడం.

6. కనబడలేదన్నది కూడా రాయండి

బ్లాన్‌ఫర్డ్ తర్వాత మా వైపు కలివికోడి ఖాయంగా దొరికిన దాఖలా లేదు. మరి లేదనగలమా? ఎవరు, ఏ నెలలో, ఏ పొదల్లో, రాత్రి ఎంతసేపు వెతికితే కనబడలేదన్నది రాసి ఉంటేనే ఆ మాట అనడానికి వీలు. "వెళ్ళాం, ఏమీ లేదు" అని డైరీ మూసేస్తే ఆ రాత్రులన్నీ వృథా. కడప అడవుల్లో పి. జెగనాథన్ బృందం ఒక తేలిక ఉపాయం వాడింది. పొదల మధ్య మెత్తటి మట్టిని బారుగా పరిచి, తెల్లారి వెళ్ళి అడుగుజాడలు చూసేవారు. కలివికోడికి మూడే వేళ్ళు, వెనక వేలు లేదు. జాడ పడ్డ చోటా పడని చోటా రెండూ లెక్కలోకే. మట్టి జల్లెడ పట్టడానికి ఖర్చేముంది? దుమ్ముగూడెం, చర్ల వైపు పొదల అడవుల్లో ఎవరైనా చేస్తామంటే జల్లెడ నేనే ఇస్తాను.

7. తెచ్చినవాడి పేరు

విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న రోజుల్లో, 1781 నుంచి 1793 దాకా, మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఎంచిన మూడు వందల బొమ్మలతో లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. నేటికీ వృక్ష శాస్త్రవేత్తలు వాటిని తిరగేస్తారు. ఆకు ఈనెలు లెక్కపెట్టి మరీ గీసిన ఆ చేతులెవరివి? పుస్తకం మీద ఒక్క పేరూ లేదు. విశాఖపట్నంలో పాముల మీద పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796 పుస్తకంలో మన జనం పిలిచే పాము పేర్లు శ్రద్ధగా ఎక్కించాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కలేదు.

అడవిలో మీకు కప్పను చూపించేది జీపీఎస్ కాదు. గూడెం మనిషి. కోయ గూడెంలోనో, కొండరెడ్ల ఊళ్ళోనో ఒక పెద్దాయన మీ వెంట వస్తే, లేబుల్ మీద ఆయన పూర్తి పేరూ ఊరూ రాయండి, ఆయన ఒప్పుకుంటేనే. కూలి రోజు చివర్లో చేతిలో పెట్టండి, "ఫండ్స్ వచ్చాక" అనకండి. "గైడ్" అని పిలవడం కన్నా అన్నా అనో, తాతా అనో పిలవండి, వయసును బట్టి. ఆయన చెప్పిన చెట్టు పేరు మీ పుస్తకంలో పేరుతో కలవకపోతే దిద్దకండి, రెండూ రాయండి. ఒకసారి ఒక కుర్ర పరిశోధకుడు, చురుకైనవాడే, కొండరెడ్డి తాతకు జీలుగు చెట్టు లాటిన్ పేరు నేర్పడానికి పొద్దంతా తంటాలు పడ్డాడు. తాత అన్నీ విని, "బాగుంది బాబూ, కల్లు ఎప్పుడు దించాలో నీ బుక్కులో ఉందా?" అన్నాడు. లేదు మరి.

8. మొక్కలను తొందరపెట్టకూడదు

జంతువుల వాళ్ళు దీన్ని తేలిక పని అనుకుంటారు. ఇప్ప చెట్టు సంగతే చూడండి. మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. అప్పటికి ఆకులు చాలావరకు రాలి ఉంటాయి. పూలు కొమ్మ చివర్లలో గుత్తిగా, తుప్పు రంగు నూగున్న కాడలకు వేలాడతాయి. కండగల ఆ తెల్లటి పూరేకుల గిన్నె తెల్లవారుజామున చెట్టు దానంతటదే విడిచేస్తుంది. ఏరుకునేవాళ్ళకు అదే కావాలి, మనకు మాత్రం అది కాడనుంచి ఊడిపోయిన పువ్వు. కాబట్టి చీకటి ఉండగానే, విచ్చీ విచ్చని మొగ్గలతో కొమ్మ కొయ్యాలి. మొక్కలను నొక్కి ఆరబెట్టే ప్రెస్సులో పెడితే ఆ కండ మగ్గి నల్లబడి బూజు పడుతుంది. అందుకని నాలుగు పూలు విడిగా ఆల్కహాలు సీసాలో వెయ్యండి, అదే నంబరు రాసి. మిగతా కొమ్మకు రోజూ కాగితాలు మార్చండి. పాత న్యూస్ పేపరే మేలు, నునుపు మ్యాగజైను కాగితం తడి పీల్చదు. ఇంత చేసినా షీటు మీద ఆకుండదు. ఆ చెట్టుకే ఒక రేకు ముక్క కట్టి, రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చి, ఆకు కోసి, అదే నంబరు కింద పెట్టాలి. పక్క చెట్టు ఆకు తెచ్చి అతికించే ఘనులు కూడా ఉన్నారు.

తునికిదీ ఒక తిరకాసు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, రెండూ కావాలి. పైగా బీడీ ఆకు కోసం ఎండలు ముదరక ముందే పొదలు కొట్టేస్తారు. ఆ మోడుల నుంచి లేచే చిగురాకు మామూలు చెట్టు ఆకుకన్నా వెడల్పు. కోతగాళ్ళకు కావలసిందీ అదే. షీటు మీద "కొట్టిన మోడు చిగురు" అని రాయకపోతే, ఎక్కడో కూర్చున్న పండితుడు కొలతలు తీసి ఇదేదో కొత్త రకమని వ్యాసం రాసినా రాస్తాడు.

వెదురైతే పూసేది దశాబ్దాలకొకసారి, పూస్తే చస్తుంది. పూత కోసం కాచుకుని కూర్చోలేం. కొత్తగా లేచిన కొమ్మును చుట్టుకుని ఉండే పట్ట తీసుకోండి. సాధన వెదురుకూ ముళ్ళ వెదురుకూ తేడా అక్కడే తెలుస్తుంది.

9. రాయి బరువని వదిలేయకండి

కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు బొగ్గు గనుల్లో పనిచేసిన కార్మికుల ఇళ్ళల్లో బూడిద రంగు పలక రాళ్ళు కనబడుతుంటాయి. పలక విడదీస్తే నాలుక ఆకారంలో ఆకు అచ్చు, మధ్యలో ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు. గ్లాసోప్టెరిస్. పాతిక కోట్ల ఏళ్ళు దాటిన ఆకు. ఇల్లందు దగ్గర బొగ్గును 1871లో గుర్తించిన విలియం కింగ్ కూడా జియలాజికల్ సర్వే మనిషే.

అదే ఆకు అంటార్కిటికాలో దొరికింది. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ, తిండి అయిపోతున్నా, కాళ్ళు మంచుకు చచ్చుబడుతున్నా, బియర్డ్‌మోర్ హిమనదం దగ్గర ఏరిన 35 పౌండ్ల రాళ్ళను చివరిదాకా స్లెడ్జి మీద లాక్కొచ్చింది. వాళ్ళ శవాల పక్కన ఆ రాళ్ళు దొరికాయి. వాటిలో గ్లాసోప్టెరిస్ ఉంది. మన సింగరేణీ ఆ మంచుగడ్డా ఒకప్పుడు ఒకే నేల అనడానికి అది పెద్ద ఆధారం. గోదావరికి ఎగువన, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలకు యాదగిరి గారు 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలను తీసుకెళ్ళండి. వెళ్ళినప్పుడు తల వైపు కాకుండా నడుము ఎముకల వైపు చూడమనండి, ఎంత బరువు మోసిందో అక్కడ తెలుస్తుంది.

10. ఎన్ని కావాలి?

"ఒకటి ఉంది కదా సార్, ఇంకోటెందుకు?" అని అడుగుతారు. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెద్ద డేగ గుడ్ల పెంకులు కొలిచాడు. ఏళ్ళ తరబడి ఎవరెవరో పోగేసిన గుడ్లు. 1940ల చివరి నుంచి పెంకు పలచబడిందని తేలింది. కారణం డీడీటీ వంటి మందులు. ఒక్కో రకానికి ఒక్కో గుడ్డే దాచి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు. వేర్వేరు ఏళ్ళవి, వేర్వేరు చోట్లవి కావాలి.

అయితే అది వెనకటి లోకం. ఇవాళ గుడ్లు తియ్యడం నేరం, తప్పు కూడా. ఎక్కువగా ఉన్న నత్తలు, పురుగులు, చిన్న చేపలు, గడ్డి తీసుకోండి. తక్కువగా ఉన్నదాని నుంచి ఈకో, గొంతు రికార్డో, ఫోటోనో చాలు. ఏది తక్కువో తెలియకపోతే తియ్యకండి. నా తోటివాళ్ళు కొందరు దీన్ని ఒప్పుకోరు, "నమూనా లేనిదే శాస్త్రం లేదు" అంటారు. వాళ్ళకు వాళ్ళ కారణాలున్నాయి. నేను మాత్రం ఈ మాట మీదే ఉంటాను.

11. అనుమతి కాగితం సంచీలో ఉండాలి

1972 వన్యప్రాణి చట్టం, 2002 జీవవైవిధ్య చట్టం. రోడ్డు మీద లారీ కింద పడి చచ్చిన అడవి జంతువు కూడా సర్కారు సొత్తే. దాన్ని సంచీలో వేసుకుంటే పాపికొండల చెక్‌పోస్టు దగ్గర మీ పీహెచ్‌డీ ఆగిపోతుంది. కొత్త జాతి దొరికితే దాని నమూనా గుర్తింపున్న సంస్థలో పెట్టాలి, మీ టేబుల్ సొరుగులో కాదు. బీట్ ఆఫీసరుకు ముందే ఫోన్ చెయ్యండి. చాలామంది మంచివాళ్ళే, వాళ్ళకు చెప్పకుండా రావడమే వాళ్ళకు కోపం.

12. కింది అరలో ఏమీ పెట్టకండి

భద్రాచలంలో నీటి లెక్క అందరికీ నోటికొచ్చు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. నది ఒడ్డు ఊళ్ళలో కాలేజీ మ్యూజియం గదిని కింది అంతస్తులో పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మేడ మీద గది దొరక్కపోతే కనీసం కొత్త జాతికి పేరు పెట్టడానికి ఆధారమైన టైపు నమూనాలూ రిజిస్టర్లూ పై అరల్లో ఉండాలి. రిజిస్టరుకు నకలు వేరే ఊళ్ళో ఉండాలి.

నీళ్ళకన్నా నెమ్మదిగా తినేవి పురుగులు. చర్మాలను తినే పెంకుపురుగు ఒక పక్షి దగ్గర మొదలుపెట్టి సొరుగంతా పొట్టు చేస్తుంది. సొరుగు అడుగున సన్నటి గోధుమ రంగు పొడి కనిపిస్తే ఆ రోజే చూడండి, రేపు కాదు. ఎండిన షీట్లను ప్లాస్టిక్ సంచీలో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్లో కొన్నాళ్ళు పెడితే పురుగూ గుడ్డూ పోతాయి. ఐస్‌క్రీం ఫ్రీజర్ అయినా సరే, ఐస్‌క్రీం తీసేసి. పాత రోజుల్లో చర్మాలకు ఆర్సెనిక్ సబ్బు రాసేవారు, షీట్లకు పాదరసపు విషం పూసేవారు. పాత సేకరణ ముట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఆ చేత్తో సమోసా తినకండి. చెప్పాల్సిన మాటేనా అంటారేమో. చెప్పాల్సిందే, కళ్ళతో చూశాను.

13. పోలవరం కన్నా ముందు

పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ గీతకు కింద ఉన్నవి ఊళ్ళు మాత్రమే కావు. శబరి, గోదావరి ఒడ్డు బండల సందుల్లో బతికే గడ్డి, వాగు నోళ్ళలో నత్తలు, ఆల్చిప్పలు, పీతలు, ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టే పక్షులు ఉన్నాయి. 1012 చదరపు కిలోమీటర్ల పాపికొండల జాతీయ వనం 2008లో ఏర్పడింది. పులికీ, అడవిదున్నకూ కెమెరాలు పెట్టేవాళ్ళు ఉన్నారు. మంచిదే. ఒడ్డున ఉన్న నత్తను అడిగేవాళ్ళు తక్కువ. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్న వాదన నాతో పెట్టుకోకండి. మునిగే చోట ఇవాళ ఏముందో రాసిపెట్టడం రెండు పక్షాలవాళ్ళకూ పనికొచ్చే పని.

వెళ్ళినప్పుడు అక్కడి మడుగుల పేర్లు, బండల పేర్లు, రేవుల పేర్లు పడవవాళ్ళను అడిగి రాసుకోండి. మ్యాపుల్లో అవి ఉండవు. పునరావాస కాలనీలకు వెళ్ళిపోయిన కుటుంబాల్లో పెద్దవాళ్ళున్నారు, వాళ్ళను కూర్చోబెట్టి అడిగినా చెబుతారు.

కూనవరం సంగమం దగ్గర పనిచేద్దామని మొన్న కొందరు అడిగారు. ఫిబ్రవరిలోనే రండి. మార్చి దాటితే మీకు తోడొచ్చేవాళ్ళంతా తెల్లవారుజామున ఇప్పపూవు ఏరడానికి పోతారు. అది అయ్యీ అవ్వగానే తునికాకు కోత, సాయంత్రం కల్లంలో కట్టలు లెక్కపెట్టించుకోవడం. వానలు పడి దున్నకాలు మొదలైతే ఇక పిలవను కూడా పిలవకండి. మీ పీహెచ్‌డీ గైడ్ గారి సెమిస్టరు క్యాలెండరు కన్నా వాళ్ళ క్యాలెండరే ముందు చూసుకోండి. మొక్కల ప్రెస్సుకు న్యూస్ పేపర్లు ఇక్కడ కొనక్కర్లేదు, మా ఇంట్లో అటక నిండా ఉన్నాయి.